మత్తు దిగే వేళ – 6వ పాఠం: వణుకు ఆపే మందులు

ఆపరేషన్ తర్వాత వచ్చే వణుకు మీద కిందటి పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులన్నీ చదివాను. ఈసారి నేరుగా మందుల్లోకి వెళ్దామనుకున్నాను గాని, ఆ జవాబులు చూశాక అది కుదరదని తేలింది. తప్పంతా మందు ఇచ్చిన తర్వాతి గంటలో ఉంది.

అభ్యాసం గుర్తు చేస్తాను. కావలి దగ్గర బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగిన పాతికేళ్ళ యువకుడు. పూర్తి మత్తులో మూడు గంటల ఆపరేషన్, ఎముకలో రాడ్ వేశారు. రికవరీ గదికి వచ్చిన పది నిమిషాలకు ఒళ్ళంతా వణుకు, అంటే అన్నిటికంటే ఎక్కువైన గ్రేడు 4. చెవి థర్మామీటరులో 35.1 డిగ్రీలు. మార్ఫిన్ జాతి మందు పెథిడిన్ 25 మి.గ్రా. నరానికి ఇచ్చారు. ఐదు నిమిషాల్లో వణుకు ఆగింది. ఆ తర్వాత మీరేం చేస్తారు?

ఎక్కువమంది జవాబు ఒక్కటే: ‘వణుకు తగ్గింది కనుక వార్డుకు పంపిస్తాం.’ కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, దుప్పట్లు తీసేసి ఆక్సిజన్ కూడా ఆపేస్తామన్నారు. ఆ 35.1 ఏమైందని అడిగినవారు చాలా తక్కువ. నాకు బాధ కలిగింది అక్కడే. మందు పడిన ఐదు నిమిషాలకు ఆ కుర్రాడి ఒంట్లో మారింది వణుకు ఒక్కటే. వేడి అప్పుడూ 35 చుట్టుపక్కలే ఉంది.

మెదడులోని హైపోథాలమస్ ఒంటి లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గర కాపలా కాస్తుంది. అర డిగ్రీ తేడాను కూడా ఊరికే వదలదు. కాస్త చల్లబడగానే ముందు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పటికీ ఆగకుండా ఇంకో డిగ్రీ దిగితే, అంటే సుమారు 35.5 దగ్గర, వణుకు మొదలవుతుంది. పూర్తి మత్తు ఈ హద్దులను 2 నుంచి 4 డిగ్రీలు కిందకు నెట్టేస్తుంది. అందుకే టేబుల్ మీద రోగి 35కి జారినా వణకడు. మత్తిచ్చిన మొదటి గంటలోనే 1 నుంచి 1.5 డిగ్రీలు పడిపోతాయి. అందులో ఎక్కువ భాగం బయటికి పోయిన వేడి కాదు, గుండె, కాలేయం చుట్టూ ఉన్న వేడి కాళ్ళకూ చేతులకూ పంచుకుపోవడమే. ఆపరేషన్ అయ్యాక మత్తు దిగుతుంది, హద్దులు పాత చోటికి ఎక్కుతాయి, ఒళ్ళు మాత్రం కిందే ఉండిపోతుంది. ఆ తేడా చూసి మెదడు కండరాలను వణికిస్తుంది.

పెథిడిన్ ఒంటిని వేడి చేయదు. వణుకు మొదలయ్యే హద్దును మళ్ళీ 35.1 కంటే కిందకు దించుతుంది, అంతే. వణుకు వల్ల పుడుతున్న వేడి కూడా దానితోపాటే ఆగిపోతుంది. చల్లని ఇంట్లో మండుతున్న ఒక్క పొయ్యినీ ఆర్పేసినట్టు. అప్పుడే దుప్పటి తీసేస్తే రోగి ఇంకా చల్లబడతాడు, పైగా ఆ సంగతి మనకు చెప్పే గుర్తు కూడా ఉండదు. మందు బలం తగ్గే వేళకు ఒళ్ళు ఇంకా హద్దు కిందే ఉంటే వణుకు తిరిగి వస్తుంది. ఈసారి వార్డులో, మానిటరు లేని మంచం మీద, పక్కన అన్నయ్యో అమ్మో తప్ప ఎవరూ లేని రాత్రివేళ. ‘ఫిట్స్ వచ్చాయి డాక్టరుగారూ’ అంటూ వాళ్ళు పరుగెత్తుకొచ్చేది అప్పుడే.

చలితో వచ్చే నష్టం వణుకుతో ఆగదు. చల్లబడ్డ ఒంట్లో ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు, గాయం ఎక్కువగా రక్తమోడుతుంది. 2 డిగ్రీలు తగ్గితే కండరాలను సడలించే వెక్యురోనియం పనిచేసే కాలం రెండింతలు దాటుతుంది. 1996లో పెద్దపేగు ఆపరేషన్ అయిన 200 మంది మీద జరిగిన అధ్యయనంలో, వెచ్చగా ఉంచినవారిలో 6 శాతానికి గాయం చీము పడితే, 2 డిగ్రీల దాకా చల్లబడనిచ్చినవారిలో 19 శాతానికి పట్టింది. వణుకు ఆగిందని మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నా ఈ నష్టాలు నడుస్తూనే ఉంటాయి.

కాబట్టి ఆ అభ్యాసానికి జవాబు ఇది. దుప్పట్లు అలాగే ఉంచాలి, తల కూడా కప్పాలి. వేడిగాలి పరుపు ఉంటే వేయాలి. ఆక్సిజన్ కొనసాగాలి. పావుగంటకోసారి అదే చెవిలో, అదే థర్మామీటరుతో ఉష్ణోగ్రత రాయాలి. 36 దాటి ఇంకా పెరుగుతోందని రెండు కొలతలు చెప్పాకే వార్డు మాట. ఒక కొలత చెవిలో, మరొకటి చంకలో తీసి రెండింటినీ పోల్చకండి. చంకలో ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఎండాకాలంలో ఈ మాట చెబితే మన జిల్లాల్లో ఎవరూ నమ్మరు. రోహిణి కార్తెలో నెల్లూరులోనో ఒంగోలులోనో బయట 43 డిగ్రీలు కాస్తుంటే, ఉలెన్ దుప్పటి కప్పిన రోగిని చూసి బంధువులు ‘ఉక్కపోస్తుంది, తీసేయండి’ అంటారు. వాళ్ళు చెప్పేది వరండాలో ఎండ గురించి. రోగి మూడు గంటలు గడిపింది 20 డిగ్రీల ఏసీ గదిలో, కడుపో కాలో తెరిచి, అదే గదిలో చల్లబడిన సెలైను ఎక్కించుకుంటూ. ఆ గది చల్లదనంలో ఉన్న సెలైను ఒక లీటరు ఎక్కితే పెద్దవాళ్ళ ఒళ్ళు సుమారు పావు డిగ్రీ చల్లబడుతుంది. మూడు లీటర్లంటే ముప్పావు డిగ్రీ. బంధువులకు కోపంగా కాకుండా, థర్మామీటరులో అంకె చూపించి చెప్పండి, వింటారు.

వేడి చేయమన్నాను కదా అని సెలైను సీసాను మరిగిన నీళ్ళలో ముంచి రోగి పక్కన పెట్టకండి. మత్తు పూర్తిగా దిగని మనిషి కాలుతున్నా చెప్పలేడు. చల్లబడి ముడుచుకున్న చర్మం మామూలు చర్మం కంటే సులభంగా కాలుతుంది.

ఇక మందులు. ఆక్సిజన్ మాస్కు, క్యాన్యులా సరిచూడటం, మానిటరు తగిలించడం గురించి ఇక్కడ రాయను. అవి లేకుండా ఈ పాఠంలోని ఏ మందూ ముట్టకూడదు.

ఏ గ్రేడుకు మందు ఇవ్వాలి అని చాలామంది అడిగారు. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం 1, ఒకే చోట కండరం కదలడం 2, ఒకటికి మించిన చోట్ల అయితే 3, ఒళ్ళంతా అయితే 4 అని కిందటి పాఠంలో నేర్చుకున్నాం. 1, 2 గ్రేడ్లకు వేడి చేయడమే వైద్యం. 3 నుంచి మందు. గుండె జబ్బు ఉంటే 2కే మందు ఆలోచిస్తాను, ఎందుకంటే వణుకు ఆక్సిజన్ అవసరాన్ని రెండు మూడింతలు చేస్తుంది. ఇరుకైన గుండె రక్తనాళాలకు ఆ భారం మోసే శక్తి ఉండదు. ముసలివాళ్ళు అంతగా వణకరు, కండ తక్కువ, మెదడు కాపలా కూడా మందగిస్తుంది. వణకడం లేదు కాబట్టి చలి లేదనుకోవద్దు. కంటికి కనిపించని వణుకు కావాలంటే దవడ కండరం మీద రెండు వేళ్ళు ఆనించి చూడండి. సన్నగా, ఎడతెగకుండా తగులుతుంది. ఆ వేళకే పల్స్ ఆక్సీమీటరు అల తెగిపోతూ ఉంటుంది, బి.పి. పట్టీ బిగుస్తూ వదులుతూ అంకె చూపించలేక మళ్ళీ బిగుస్తుంది. అల తెగి ఉన్నప్పుడు కనిపించే 84 శాతం ఆక్సిజన్ అంకెను నమ్మి కంగారు పడకండి, కొట్టిపారేయనూ వద్దు. వేలు మార్చి, చెవి తమ్మెకు పెట్టి చూడండి.

పెథిడిన్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అది దొరికితే నా మొదటి ఎంపిక అదే. పెద్దవాళ్ళకు 25 మి.గ్రా. చాలు. అదే జాతికి చెందిన మార్ఫిన్, ఫెంటనిల్ వణుకును ఇంత బాగా ఆపవు. పెథిడిన్ ఈ జాతి మందులు అతుక్కునే మ్యూ గ్రాహకాలతో పాటు కప్పా గ్రాహకాల మీదా పనిచేయడం దీనికి ఒక కారణం. ఈ జాతికి విరుగుడైన నలోక్సోన్ తక్కువ మోతాదులో ఇచ్చినా పెథిడిన్ వణుకును ఆపే గుణం పూర్తిగా పోదు, ఎక్కువ మోతాదుకు పోతుంది. ఇంకో విశేషం, మిగతా మందులు రక్తనాళాలు ముడుచుకునే హద్దును, వణుకు హద్దును దాదాపు సమానంగా దించితే, ఇది వణుకు హద్దును రెండింతలు దించుతుంది. 50 మి.గ్రా. ఆంప్యూల్‌ను సెలైనుతో 10 మి.లీ. చేయండి, అప్పుడు 25 మి.గ్రా. అంటే 5 మి.లీ. డెబ్బై దాటినవారికి ముందు 2.5 మి.లీ. ఇచ్చి ఐదు నిమిషాలు ఆగుతాను. థియేటరులో ఫెంటనిల్ ఎంత పడిందో రికార్డులో చూడకుండా మాత్రం ఇవ్వకండి, ఊపిరి మందగిస్తుంది. పార్కిన్సన్ జబ్బుకు సెలిజిలిన్ వాడేవారికి, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ ఎక్కుతున్నవారికి పెథిడిన్ పనికిరాదు, ప్రాణం మీదికి వస్తుంది. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవారిలో కిడ్నీ జబ్బు తరచూ కనిపిస్తుంది కనుక క్రియాటినిన్ చూడండి. ఒక్క చిన్న మోతాదుతో పెద్ద ప్రమాదం లేదు, మళ్ళీ మళ్ళీ ఇస్తే ఒంట్లో దాని నుంచి పుట్టే నార్‌పెథిడిన్ పేరుకుపోయి ఫిట్స్ తెస్తుంది.

అయితే పెథిడిన్ చిన్న ఊళ్ళలో అరుదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దానికి లైసెన్సు, రిజిస్టరు కావాలి. 2014 సవరణ తర్వాత అత్యావశ్యక మాదకద్రవ్య మందుల జాబితాలో చేర్చిన ఆరింటిలో ఇది లేదు. అందుకే ఆత్మకూరులోనో మార్కాపురంలోనో నర్సింగ్ హోములో పనిచేసే మీలో చాలామంది చేతికి అందేది ట్రమడాల్ అనే నొప్పి మందు.

ఇక్కడే నన్ను ఎప్పుడూ కలవరపెట్టే అలవాటు ఒకటుంది. ఎవరికైనా సరే, ‘ట్రమడాల్ ఒకటి వేయండి’ అనగానే ఆంప్యూల్ విరిచి, 2 మి.లీ. సిరంజిలోకి లాగి, అర నిమిషంలో నరంలోకి నెట్టేయడం. దీని గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వణుకుకు ట్రమడాల్ కిలోకు 0.5 మి.గ్రా.తో మొదలవుతుంది. చాలకపోతే మొత్తం కిలోకు 1 మి.గ్రా. దాకా వెళ్ళొచ్చు. ఆంప్యూల్‌లో ఉండేది 100 మి.గ్రా. ఉదయగిరి కొండ పల్లెల నుంచి గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చిన అమ్మ బరువు 38 కిలోలనుకుందాం. ఆమెకు కావలసింది 19 మి.గ్రా. ఆంప్యూల్ మొత్తం ఇస్తే కిలోకు 2.6 మి.గ్రా., అంటే మొదలుపెట్టాల్సిన దానికి ఐదింతలు. మొత్తం ఆంప్యూల్ ఒక్కసారే సరిపోవాలంటే ఆ మనిషి 100 కిలోలుండాలి. అదీ పై హద్దు మోతాదుకు. ఎక్కువగా, వేగంగా పడితే ఏమవుతుంది? వాంతి. మత్తు పూర్తిగా దిగని మనిషి వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్ళు తిరుగుతాయి, బి.పి. తడబడుతుంది. ఫిట్స్ వచ్చే స్వభావమున్నవారికి ఫిట్స్ రావచ్చు. వాంతి కాగానే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తారు, అది ట్రమడాల్ నొప్పి తగ్గించే గుణాన్ని కొంత దెబ్బతీస్తుంది. దాంతో నొప్పి పెరిగి ఇంకో ట్రమడాల్. ఈ చుట్టు ఎక్కడ మొదలైందో చూడండి, సిరంజి నింపిన చోట.

సరైన పద్ధతికి అదనంగా పట్టేది రెండు నిమిషాలే. 100 మి.గ్రా. ఆంప్యూల్‌ను 10 మి.లీ. చేయండి. ఇప్పుడు 1 మి.లీ.కి 10 మి.గ్రా. ఆ 38 కిలోల అమ్మకు 1.9 మి.లీ. 52 కిలోల వ్యక్తికి 26 మి.గ్రా., 2.6 మి.లీ. 64 కిలోలకు 3.2 మి.లీ. బరువులో సగం తీసుకుని పదితో భాగించడమే లెక్క. సిరంజి మీద మందు పేరు, మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అనేది రాసి అంటించండి. గడియారం చూసుకుంటూ రెండు మూడు నిమిషాల్లో ఇవ్వండి. పది నిమిషాలు ఆగండి. వణుకు సగమైనా తగ్గకపోతే అంతే మోతాదు ఇంకోసారి, ఆపైన ట్రమడాల్ వద్దు. మిగిలింది ఇంకొకరికి దాచకండి. 2018 నుంచి ట్రమడాల్ కూడా అదే మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చింది, కనుక వాడిందీ పారబోసిందీ సాక్షి సంతకంతో రిజిస్టరులో ఉండాలి. వాంతి బెడద ఉన్న రోగికి నేను మత్తిచ్చేటప్పుడే డెక్సామెథాసోన్ 4 మి.గ్రా. ఇచ్చేస్తాను, షుగరు అదుపులో ఉంటేనే.

మానసిక వ్యాధులకు ఎసిటలోప్రామ్, సెర్‌ట్రాలిన్ లాంటి మాత్రలు వాడేవారికి ట్రమడాల్ వద్దు, పెథిడిన్ కూడా వద్దు. రెండూ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని హద్దు మీరి పెంచగలవు. ఆ స్థితిలో వచ్చేదీ వణుకే, కాళ్ళ బిగుతూ చెమటలూ జ్వరమూ తోడుగా. వణుకుకు ఇచ్చిన మందే వణుకు తెస్తే కొత్తవాళ్ళు ఇంకో మోతాదు ఇచ్చే ప్రమాదముంది. ఈ మాత్రలను రోగులు ‘నిద్ర మాత్రలు’ అని చెబుతారు, ఒక్కోసారి చెప్పనే చెప్పరు. చీటీ అడిగి చూడండి.

మిగతావి త్వరగా చెబుతాను. బి.పి. ఎక్కువగా, నాడి వేగంగా ఉండి వణుకుతుంటే క్లోనిడిన్ మంచిది. 75 మైక్రోగ్రాములు, అంటే సగం ఆంప్యూల్, 10 మి.లీ. చేసి ఐదు పది నిమిషాల్లో. డెక్స్‌మెడిటోమిడిన్ కిలోకు 0.5 మైక్రోగ్రాము, పది నిమిషాల్లో, సిరంజి పంపు ఉంటేనే. 100 మైక్రోగ్రాములను 25 మి.లీ. చేస్తే మి.లీ.కి 4 వస్తుంది, 50 కిలోల మనిషికి 6.25 మి.లీ. ఈ రెండూ నాడిని, బి.పి.ని దించుతాయి, నిద్ర తెస్తాయి. నాడి 60 లోపు ఉన్నవారికి నేను వీటి జోలికి పోను. బి.పి. తక్కువగా ఉన్నవారికి కెటమిన్, కిలోకు 0.25 మి.గ్రా. 50 మి.గ్రా.ను 10 మి.లీ. చేసుకుంటే 50 కిలోలకు 2.5 మి.లీ. అరగంట సేపు గది చప్పుడు లేకుండా ఉంచండి, లేకపోతే భయపెట్టే కలలొస్తాయి. బి.పి. బాగా ఎక్కువున్నవారికి, గుండె రక్తనాళాల జబ్బున్నవారికి ఇవ్వకండి. మెగ్నీషియం సల్ఫేటు వణుకును తగ్గించినా వెక్యురోనియం బలాన్ని పొడిగిస్తుంది కాబట్టి పూర్తి మత్తు తర్వాత నేను వాడను.

మందు లాగే ముందు ఒక్క పరీక్ష తప్పనిసరి. రోగిని తల ఎత్తి ఐదు సెకన్లు నిలపమనండి. కండరాలను సడలించే మందు పూర్తిగా దిగని మనిషి కూడా కొట్టుకుంటాడు, కాని అది తెగితెగి వచ్చే కుదుపు, బలం ఉండదు, తల నిలవదు, ఊపిరి పైపైనే. దాన్ని వణుకనుకుని పెథిడిన్ ఇస్తే ఉన్న కొద్ది ఊపిరీ పోతుంది. అక్కడ కావలసింది ఆ సడలించే మందుకు విరుగుడైన నియోస్టిగ్మిన్, దానితో గ్లైకోపైరోలేటు, ఊపిరికి సాయం. తల నిలిపి, ఉష్ణోగ్రత 36.5 దాటి ఇంకా వణుకుతుంటే నొప్పి ఎంతుందో అడగండి, పొత్తికడుపు మీద చెయ్యి వేసి మూత్రసంచి నిండిందేమో చూడండి, రక్తం ఎక్కుతుంటే ఆపి సంచి మీద పేరు సరిచూడండి, షుగరు చూడండి. 38 దాటితే అది చలి వణుకు కాదు, జ్వరపు వణుకు.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే, తెలిసే ఇస్తున్నాను.

గూడూరు నుంచి వచ్చిన 44 ఏళ్ళ మహిళ, బరువు 46 కిలోలు. పూర్తి మత్తులో కడుపు తెరిచి గర్భసంచి తీశారు, రెండున్నర గంటలు. గది చల్లదనంలో ఉన్న సెలైను రెండున్నర లీటర్లు ఎక్కింది. రోజూ అటెనోలాల్ (బి.పి. మాత్ర), ఎసిటలోప్రామ్ వాడుతుంది. రికవరీలో వణుకు గ్రేడు 3, చెవిలో 35.2, నాడి 54, బి.పి. 104/62, తల ఐదు సెకన్లు నిలుపుతోంది, నొప్పి పదికి నాలుగు. ఏ మందు, ఎన్ని మి.గ్రా., పలుచన చేశాక ఎన్ని మి.లీ.? ఈ పాఠంలో చెప్పిన మిగతా ప్రతి మందూ ఎందుకు వద్దో ఒక్కో వాక్యం రాయండి. సెలైను వల్లే ఎంత చల్లబడిందో లెక్క కట్టండి. మందు ఇచ్చిన తర్వాతి గంటకు పావుగంట చొప్పున చార్టు గీసి, ఏ గడిలో ఏ అంకె కనిపిస్తే ఆమెను వార్డుకు పంపుతారో గుర్తు పెట్టండి.

రెండో భాగం మీ ఆసుపత్రిలోనే. వరుసగా పదిమంది పూర్తి మత్తు రోగులకు రికవరీకి రాగానే, అరగంటకు, గంటకు ఒకే చోట ఉష్ణోగ్రత తీయండి. వణికినవారికి, వణకనివారికి, మందు పడినవారికి వేరువేరుగా రాయండి. థియేటరు అలమరాలో ఉన్న సెలైను ఉష్ణోగ్రత కూడా ఒకసారి కొలవండి. పేర్లు వద్దు, వయసు, బరువు, అంకెలు చాలు. వచ్చే పాఠం వెన్నుకు మత్తిచ్చాక వచ్చే వణుకు గురించి. మీ పట్టికలు వచ్చాకే దాన్ని మొదలుపెడతాను.